కే-జెట్రానిక్ ఉన్న పాత బెంజ్: మిక్స్చర్ స్క్రూ తిప్పేముందు చూడాల్సినవన్నీ

పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. బజారుకెళ్లి అరగంట ఆపి వస్తే మాత్రం ఎంత సెల్ఫ్ కొట్టినా పలకదు. కే-జెట్రానిక్ (బాష్ కంపెనీ చేసిన మెకానికల్ పెట్రోల్ ఇంజెక్షన్ సిస్టమ్) ఉన్న కార్ల ఓనర్లు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు ఇదే. రెండోది ఐడ్లింగ్‌లో వణుకు, మూడోది పెట్రోల్ వాసన. ఈ మూడింటికీ చాలా షెడ్లలో దొరికే మందు ఒకటే: సన్నటి ఎలన్ కీ పెట్టి, గాలి-పెట్రోల్ పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూని అటో ఇటో తిప్పడం. నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది. అసలు జబ్బు లోపలే ఉంటుంది, దాని మీద ఇప్పుడు తప్పు సెట్టింగ్ కూడా చేరుతుంది.

బాష్ ఈ సిస్టమ్‌ని 1973లో పోర్షే 911టీతో రోడ్డు మీదకి తెచ్చింది. తర్వాత గోల్ఫ్ జీటీఐ, వోల్వో 240, సాబ్, ఆడీ, ఫెరారీ 308, డెలోరియన్ దాకా చాలా బండ్లు దీన్నే వాడాయి. ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది మెర్సిడెస్ డబ్ల్యూ123 సిరీస్‌లోని 230ఈ, 280ఈ. మిగతా కార్లలోనూ సూత్రం ఇదే, ప్రెజర్ అంకెలు మాత్రం మోడల్‌ని బట్టి మారతాయి. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. నేను ఇచ్చే అంకెలు దారి చూపడానికే, ఆఖరి మాట మాన్యువల్‌దే.

ఈ సిస్టమ్‌లో ముందుగా పాడయ్యేవి రబ్బరు, సీళ్లు, ఫిల్టర్లు, సోల్డర్ జాయింట్లు. సిలిండర్లకి పెట్రోల్ పంచే ఖరీదైన ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్ మీద అనుమానం చివర్లో రావాలి. స్క్రూ వంతు అందరికంటే ఆఖరున. కింద రాసిన పనులు ఆ వరసలోనే ఉన్నాయి, ఆ వరసలోనే చేయండి.

లోపల జరిగేది ఏమిటి

ఇంజన్ పీల్చే గాలి ఒక గరాటు గుండా వెళ్తూ అందులోని గుండ్రటి ప్లేటుని పైకి లేపుతుంది (కొన్ని మోడళ్లలో కిందికి నొక్కుతుంది). ప్లేటుకి ఉన్న లివర్ ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటర్‌లోని ప్లంజర్‌ని పైకి తోస్తుంది. ప్లంజర్ లేచేకొద్దీ సిలిండర్‌కి ఒకటి చొప్పున ఉన్న సన్నటి చీలికలు తెరుచుకుని, వాటి గుండా పెట్రోల్ ఇంజెక్టర్లకి వెళ్తుంది. ఈ ఇంజెక్టర్లకి కరెంటు వైర్లు ఉండవు. అవి స్ప్రింగ్ వాల్వులు మాత్రమే. దాదాపు 3.5 బార్ దగ్గర తెరుచుకుని, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఆగకుండా చల్లుతూనే ఉంటాయి.

ప్లంజర్ తలమీద పైనుంచి ఇంకో ప్రెజర్ కిందికి నొక్కుతూ ఉంటుంది. దాన్ని కంట్రోల్ ప్రెజర్ అంటారు. అది తక్కువైతే ప్లేటు తేలిగ్గా లేచి పెట్రోల్ ఎక్కువ పోతుంది, ఎక్కువైతే పెట్రోల్ తగ్గుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు దీన్ని తగ్గించి, వేడెక్కేకొద్దీ పెంచేది వార్మ్-అప్ రెగ్యులేటర్. కారు ఆపాక లైన్లలో ప్రెజర్ పడిపోకుండా పట్టి ఉంచేది అక్యుమ్యులేటర్ అనే చిన్న డబ్బా. లోపల ఒక డయాఫ్రమ్, ఒక స్ప్రింగ్, అంతే.

కాబట్టి ఇది బాగా నడవాలంటే రెండు షరతులు. ఇంజన్‌లోకి వెళ్లే ప్రతి చుక్క గాలీ ఆ ప్లేటు మీదుగానే రావాలి. పెట్రోల్ ప్రెజర్ ప్రతి చోటా ఉండాల్సినంతే ఉండాలి. మిగతా గైడ్ అంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

సామాను, జాగ్రత్తలు

కావలసినవి: మూడు దారుల వాల్వ్ ఉన్న కే-జెట్రానిక్ ప్రెజర్ గేజ్ సెట్, మల్టీమీటర్, రాగి వాషర్లు, ఫ్యూజ్ ఉన్న జంపర్ వైరు, కొలత గీతలున్న సీసాలు, రెండు సెట్ల పానాలు. గేజ్ 0 నుంచి 10 బార్ దాకా చూపిస్తే చాలు, కానీ గీతలు దగ్గరగా ఉండాలి. చల్లని ఇంజన్ మీద కొలవాల్సింది 1 బార్ చుట్టుపక్కలే. గేజ్ మీద పీఎస్ఐ గీతలుంటే 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ అని గుర్తుంచుకోండి.

రెండు సెట్ల పానాలు ఎందుకంటే, ఈ లైన్లలో ప్రతి నట్టునీ ఒక పానాతో పట్టుకుని రెండో దానితో తిప్పాలి. ఒక్క పానాతో లాగితే నలభై ఏళ్ల స్టీలు పైపు మెలి తిరిగి పోతుంది. విప్పిన ప్రతి జాయింట్‌కీ కొత్త రాగి వాషర్ వేయండి. పాతది మళ్లీ వేసి గట్టిగా బిగిస్తే సరిపోతుందనేవాళ్ల మాట వినకండి.

5 బార్ ప్రెజర్‌లో ఉన్న పెట్రోల్‌తో పని ఇది. తలుపులు తెరిచిన చోట, చల్లని ఇంజన్ మీద చేయండి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి. గాజు బల్బు ఉన్న లైటు వద్దు, ఎల్ఈడీ టార్చ్ వాడండి. లైను విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, గుడ్డ చుట్టి, నట్టుని నెమ్మదిగా వదులు చేయండి. మొదట బుస్సుమని చిమ్ముతుంది, గుడ్డ అందుకే. కళ్లద్దాలు కూడా అందుకే.

1. గాలి లీకులు

ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. వేగం పడిపోవాలి, లేదా ఇంజన్ ఆగిపోవాలి. క్రాంక్‌కేస్ గొట్టం కూడా ఇన్‌టేక్‌కే కలుస్తుంది కాబట్టి మూత తీయగానే కొలతలోకి రాని గాలి లోపలికి పోతుంది. తీసినా ఏ తేడా లేకపోతే ఇంకెక్కడో ముందే పెద్ద లీకు ఉందని అనుమానించాలి. పైసా ఖర్చు లేని ఈ టెస్టుతోనే మొదలుపెట్టండి.

తర్వాత ఎయిర్ మీటర్‌కీ (ఆ గరాటు, ప్లేటు ఉన్న భాగం) థ్రాటిల్ బాడీకీ మధ్య ఉన్న పెద్ద రబ్బరు బూట్ బయటికి తీసి చూడండి. బండి మీద ఉండగా చూస్తే లాభం లేదు. పగుళ్లు ఎప్పుడూ కింది వైపునే, కనిపించని మడతల్లోనే పడతాయి. వేలితో మడత విప్పి చూడాలి. చిన్న చిన్న వాక్యూమ్ గొట్టాలు, డిప్‌స్టిక్ దగ్గర సీలు, మూత గాస్కెట్ కూడా చూడండి. బ్రేక్ బూస్టర్ గొట్టం చాలామంది మర్చిపోతారు.

అసలు దొంగలు ఇంజెక్టర్ సీళ్లు. ఇంజెక్టర్లు హెడ్డులోకి మరతో బిగించినవి కావు, రబ్బరు రింగుల మీద దూర్చి ఉంటాయి. ఆ రింగులు ఇంజన్ వేడికి కొన్నేళ్లలో గట్టిపడతాయి. ఇంజెక్టర్‌ని వేళ్లతో పట్టుకుని కదిపితే అది మెత్తగా ప్రతిఘటించాలి. టకటకమని వదులుగా ఆడిందంటే రింగు పని అయిపోయినట్టే. ఇలాంటి చోట కొందరు కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి ఇంజన్ వేగం మారుతుందేమో చూస్తారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు నచ్చదు. దానికి బదులు ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ వైపు గాలి దారి మూసి, వాక్యూమ్ క్లీనర్ బ్లోయర్ వైపు నుంచి మెల్లగా గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగలు లీకు ఎక్కడో చూపిస్తాయి.

రింగులు మార్చేటప్పుడు ఇంజెక్టర్ మళ్లీ దూర్చేముందు కొత్త రింగుకి కాస్త పెట్రోల్ తడి చేయండి, చిరగకుండా దిగుతుంది. పాతది ముక్కలై లోపల ఉండిపోతే ఒక్క ముక్క కూడా సిలిండర్ వైపు జారకుండా తీయాలి. ఒక్కటి పోయిందని ఒక్కటే మార్చకండి. అన్నీ ఒకే వయసువి.

2. పెట్రోల్ గొట్టాలు, ఈ20

టాంకు నుంచి పంపుకి వచ్చే గొట్టం, మిగిలిన పెట్రోల్ టాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ గొట్టం, పంపు దగ్గరి ప్రెజర్ గొట్టం: ఈ మూడూ ఎప్పుడు మార్చారో మీకు తెలియకపోతే మార్చాల్సిన సమయం వచ్చిందనే లెక్క. ఇంజన్ మంటల్లో చాలావాటికి మూలం పాత గొట్టమే.

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1980ల రబ్బరు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది కాదు. కొన్ని రకాల పాత రబ్బరు ఉబ్బుతుంది, ఆరినప్పుడు పగులుతుంది. ఇథనాల్ తేమని పీలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో నెలల తరబడి ఆగి ఉన్న బండి టాంకులో తుప్పు త్వరగా మొదలవుతుంది. ఇంకో సంగతి, ఇథనాల్ పాత టాంకులో పేరుకున్న జిగురుని కరిగించి ముందుకు నెడుతుంది. అందుకే ఎన్నాళ్లో నిలబడ్డ బండిని మళ్లీ రోడ్డెక్కిస్తే మొదటి ఒకటి రెండు టాంకుల్లోనే ఫిల్టర్ మూసుకుపోతుంది.

గొట్టం కొనేటప్పుడు దాని మీద ముద్రించిన రేటింగ్ చూడండి. ప్రెజర్ ఉండే వైపు ఇంజెక్షన్ గొట్టమే కావాలి, ఎస్ఏఈ జే30ఆర్9 అని రాసి ఉండాలి. కార్బ్యురేటర్ బండికి వేసే మామూలు గొట్టం అక్కడ పనికిరాదు. క్లిప్పులు కూడా ఇంజెక్షన్ రకంవే, అంచులు చుట్టి ఉన్నవి. రంధ్రాలు పడి పళ్లున్న క్లిప్పు రబ్బరుని కోస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో గొట్టం కొంటే చుట్ట మొత్తం తిప్పి చూసి, ముద్ర కనిపించాకే కోయించుకోండి. "అదే సార్, అంతకంటే మంచిది" అన్న మాట మీద డబ్బులివ్వద్దు.

3. కరెంటు

నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, పది నిమిషాలు చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే బండిలో మొదట ఫ్యూయల్ పంప్ రిలే విప్పండి. మూత తీసి, లోపలి బోర్డు మీద పిన్నుల చుట్టూ ఉన్న సోల్డర్‌ని భూతద్దంలో చూడండి. పిన్ను చుట్టూ వెంట్రుక వాసి గుండ్రటి పగులు కనిపిస్తుంది. వేడెక్కితే విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. టీవీ రిపేరు చేసే అబ్బాయి పది నిమిషాల్లో మళ్లీ సోల్డర్ పెట్టేస్తాడు.

ఇంజన్ తిరుగుతున్న సంకేతం అందితేనే ఈ రిలే పంపుకి కరెంటు ఇస్తుంది. యాక్సిడెంట్‌లో ఇంజన్ ఆగిపోతే పంపు కూడా ఆగాలని ఆ ఏర్పాటు. కాబట్టి పంపుకి నేరుగా స్విచ్ పెట్టించే ఐడియా ఎవరైనా ఇస్తే ఒప్పుకోకండి. ఎంతో సులువు అనిపిస్తుంది, ప్రాణం మీదకి తెచ్చేదీ అదే.

టెస్టు కోసం ఇంజన్ ఆపి పంపు నడపాలంటే రిలే తీసి, దాని సాకెట్‌లో బ్యాటరీ కరెంటు వచ్చే టెర్మినల్‌నీ పంపుకి వెళ్లే టెర్మినల్‌నీ ఫ్యూజ్ ఉన్న జంపర్‌తో కలపాలి. చాలా కార్లలో అవి 30, 87 అని ఉంటాయి. బెంజ్‌లో నంబర్లు వేరేగా ఉండొచ్చు, మాన్యువల్‌లోని బొమ్మ చూసి కలపండి. పంపు తిరుగుతుండగా దాని టెర్మినళ్ల దగ్గరే మల్టీమీటర్ పెట్టండి. 11.5 వోల్టుల కన్నా తక్కువ వస్తుంటే పంపుని తిట్టేముందు వైరు, ఫ్యూజ్ హోల్డర్, ఎర్త్ జాయింట్లు శుభ్రం చేయండి.

ఇలా పంపు నడుస్తుండగా ఎయిర్ మీటర్ ప్లేటుని ఎత్తి పట్టుకోవద్దు. ఎత్తితే పెట్రోల్ అన్ని సిలిండర్లలోకి పోతుంది. అలా నిండిన సిలిండర్ మీద సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

4. పెట్రోల్ సరిపడా వస్తోందా

డబ్ల్యూ123లో పంపు, ఫిల్టర్, అక్యుమ్యులేటర్ కారు కింద, వెనక యాక్సిల్‌కి ముందు ఒకే చోట ఉంటాయి. ఫిల్టర్ మీద బాణం గుర్తు పెట్రోల్ వెళ్లే దిక్కు. కొత్తది వేసేటప్పుడు పాతదాన్ని రెండు ముక్కలుగా కోసి లోపల చూడండి. గోధుమరంగు మట్టి ఉంటే టాంకు తుప్పు. అప్పుడు టాంకు అడుగున ఉన్న జల్లెడ కూడా తీసి కడగాలి. ఆ జల్లెడ ఒకటుందని తెలియక పంపులు మార్చుకుంటూ పోయే వాళ్లున్నారు.

ఇప్పుడు రిటర్న్ గొట్టాన్ని డిస్ట్రిబ్యూటర్ వైపు విప్పి, కొలత సీసాలో పెట్టి, పంపుని సరిగ్గా 30 సెకన్లు నడపండి. మోడల్‌ని బట్టి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా రావాలి. తక్కువ వస్తే వరసగా వోల్టేజీ, ఫిల్టర్, జల్లెడ, నలిగిన గొట్టం చూసి, అవన్నీ బాగుంటేనే పంపు మార్చండి. పంపు నుంచి పెద్దగా గుర్రుమనే శబ్దం వస్తోందంటే చాలాసార్లు దానికి పెట్రోల్ అందక అరుస్తోందని అర్థం, అరిగిపోయిందని కాదు.

అక్యుమ్యులేటర్‌కి వెనకవైపు టాంకుకి పోయే సన్నటి గొట్టం ఒకటుంటుంది. దాన్ని ముందే విప్పి, పంపు నడిపి చూడండి. పొడిగా ఉండాలి. పెట్రోల్ కారుతుంటే లోపల డయాఫ్రమ్ చిరిగింది. దాన్ని రిపేరు చేయలేరు, మార్చాల్సిందే.

5. గేజ్ పెట్టే రోజు

డిస్ట్రిబ్యూటర్ నుంచి వార్మ్-అప్ రెగ్యులేటర్‌కి వెళ్లే లైను మధ్యలో గేజ్ కలపండి. వాల్వ్ రెగ్యులేటర్ వైపు ఉండేలా చూసుకోండి. గేజ్ గొట్టంలో గాలి ఉండిపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. పంపు నడుస్తుండగా గేజ్‌ని కిందికి వేలాడదీసి, వాల్వ్‌ని కొన్నిసార్లు తెరిచి మూసి గాలి పోగొట్టండి.

మొదట సిస్టమ్ ప్రెజర్. వాల్వ్ మూసి, పంపు నడపండి. సాధారణంగా 4.7 నుంచి 5.5 బార్ మధ్య ఉంటుంది. తక్కువుంటే పంపు సరఫరా గానీ, డిస్ట్రిబ్యూటర్ పక్కన ఉన్న ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ గానీ. ఎక్కువుంటే రిటర్న్ గొట్టం ఎక్కడో నలిగింది, లేదా ఆ వాల్వే ఇరుక్కుంది. ఆ వాల్వ్‌లోని షిమ్ములు అనే పల్చటి వాషర్లతోనే ప్రెజర్ సెట్ చేస్తారు. విప్పితే వాటిని పోగొట్టుకోకండి, లోపలి ఓ-రింగులు ఎలాగూ కొత్తవి వేయండి.

తర్వాత చల్లని కంట్రోల్ ప్రెజర్. రాత్రంతా ఆగిన ఇంజన్ మీదే చూడాలి. వార్మ్-అప్ రెగ్యులేటర్ వైరు ప్లగ్ పీకేసి, వాల్వ్ తెరిచి, పంపు నడపండి. అంకె బయటి ఉష్ణోగ్రతని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో దీనికి ఒక గ్రాఫ్ ఉంటుంది. మన వాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జర్మన్ పుస్తకంలో 20 డిగ్రీల దగ్గర రాసిన అంకెని పట్టుకుని, మే నెల పొద్దున 32 డిగ్రీల్లో కొలిచి, ఎక్కువ చూపిస్తోందని రెగ్యులేటర్ మార్చేస్తారు. వేడి పెరిగేకొద్దీ ఆ ప్రెజర్ పెరగడమే సరైన పని. షెడ్డులో థర్మామీటర్ పెట్టి, గ్రాఫ్‌లో ఆ డిగ్రీ దగ్గర ఏముందో చూసి పోల్చండి.

ఆ తర్వాత వేడి కంట్రోల్ ప్రెజర్. ప్లగ్ మళ్లీ పెట్టి ఇంజన్ నడపండి. రెగ్యులేటర్ లోపలి హీటర్ వల్ల కొన్ని నిమిషాల్లో ముల్లు మెల్లగా లేచి, చాలా మోడళ్లలో 3.4 నుంచి 3.8 బార్ మధ్య నిలబడుతుంది. వాక్యూమ్ గొట్టం ఉన్న రకమైతే ఆ గొట్టం పీకినప్పుడు ప్రెజర్ కాస్త తగ్గాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెట్రోల్ ఎక్కువ అందేది ఆ తగ్గుదలతోనే. తగ్గకపోతే పికప్ మొద్దుబారుతుంది.

చివరికి ఇంజన్ ఆపేసి, గేజ్ అలాగే ఉంచి గడియారం చూడండి. మొదట్లో చెప్పిన "అరగంట ఆగితే పలకదు" జబ్బు తేలేది ఇక్కడే. ఆపగానే ప్రెజర్ కొంత పడి, ఇంజెక్టర్లు తెరుచుకునే అంకెకి కింద ఎక్కడో ఆగి, అక్కడినుంచి చాలా నెమ్మదిగా దిగాలి. 20 నిమిషాల తర్వాత కూడా 1.5 బార్ పైచిలుకు మిగలాలన్నది ఈ తరం బండ్లకి ఉజ్జాయింపు లెక్క. రెండు నిమిషాల్లో సున్నా అయితే, వేడి ఇంజన్ పక్కన లైన్లలో పెట్రోల్ మరిగి ఆవిరైపోతుంది. తర్వాత సెల్ఫ్ కొడితే ఇంజెక్టర్లకి అందేది ఆవిరే.

ఎక్కడ కారిపోతోందో కనిపెట్టడానికి ప్రతిసారీ ప్రెజర్ మళ్లీ ఎక్కించి, ఒక్కో దారి మూస్తూ రండి:

1. ఇంజన్ ఆపగానే గేజ్ వాల్వ్ మూయండి. ఇప్పుడు ప్రెజర్ నిలబడితే లీకు వార్మ్-అప్ రెగ్యులేటర్ వైపు.
2. నిలబడకపోతే రిటర్న్ గొట్టాన్ని క్లాంపుతో నొక్కండి. నిలబడితే ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ ఓ-రింగులు పోయాయి.
3. అప్పటికీ పడుతుంటే టాంకుకీ పంపుకీ మధ్య గొట్టం నొక్కండి. నిలబడితే పంపు నోటి దగ్గర పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్ పోయింది. చాలా పంపుల్లో ఆ వాల్వ్ విడిగా దొరుకుతుంది, పంపు మొత్తం కొననక్కర్లేదు.
4. దానికీ లొంగకపోతే అక్యుమ్యులేటర్, కారుతున్న ఇంజెక్టర్, కోల్డ్ స్టార్ట్ వాల్వ్: ఈ ముగ్గురిలో ఒకరు.

క్లాంపుతో నొక్కడం కొత్త గొట్టాల మీదే చేయండి. గొట్టాల పని ముందే పూర్తి చేయమన్నది అందుకు కూడా.

6. చిన్న విడిభాగాలు

వార్మ్-అప్ రెగ్యులేటర్ లోపల పెట్రోల్ వచ్చే దారిలో సన్నటి జాలీ ఉంటుంది. అది మూసుకుంటే కంట్రోల్ ప్రెజర్ పెరిగి ఇంజన్‌కి పెట్రోల్ చాలదు. కడిగితే చాలావరకు సరిపోతుంది. హీటర్‌ని మల్టీమీటర్‌తో చూడండి. సర్క్యూట్ తెగిపోయి ఉంటే ఇంజన్ ఎంత వేడెక్కినా ప్రెజర్ పూర్తిగా లేవదు, బండి నల్ల పొగతో పెట్రోల్ తాగుతూనే ఉంటుంది. రెగ్యులేటర్ మీద ఉన్న పిన్నుని సుత్తితో కొట్టి ప్రెజర్ మార్చే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. ఒకసారి లోపలికి దిగితే వెనక్కి రావడం కష్టం. కొలతలన్నీ అయ్యేదాకా ఆ ఊసెత్తకండి.

కోల్డ్ స్టార్ట్ వాల్వ్ కరెంటుతో పనిచేసేది, చల్లని ఇంజన్‌కి కొన్ని సెకన్లు అదనంగా పెట్రోల్ చల్లుతుంది. దానికి అనుమతి ఇచ్చే థర్మో-టైమ్ స్విచ్‌లు చాలావాటి మీద 35 డిగ్రీలు, 8 సెకన్లు అన్నట్టు అంకెలు చెక్కి ఉంటాయి. మన ఎండాకాలంలో ఈ వాల్వ్ పనిచేయకపోయినా తెలియదు. కారితే మాత్రం తెలుస్తుంది. వాల్వ్‌ని లైనుతో సహా బయటికి తీసి, మూతిని శుభ్రంగా తుడిచి, పంపు నడపండి. నిమిషం గడిచినా చుక్క పడకూడదు. వేడి ఇంజన్ ఐడ్లింగ్ దిగకుండా హుషారుగా తిరుగుతుంటే చల్లని ఇంజన్‌కి అదనపు గాలి ఇచ్చే ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్ మూసుకోవడం లేదేమో చూడండి.

7. ఇంజెక్టర్లు

అన్ని ఇంజెక్టర్లనూ లైన్లతో సహా పీకి, ఒకే సైజు గీతల సీసాల్లో పెట్టండి. పంపు నడిపి, ప్లేటుని కాస్త ఎత్తండి (ఇంజెక్టర్లు బయట ఉన్నాయి కాబట్టి ఇప్పుడు ఫరవాలేదు). చల్లే తీరు చూడండి: సన్నటి మంచులాంటి శంకువు రావాలి, నీటి ధార కాదు. ఒక సీసా నిండేదాకా నడిపి అన్నిటినీ పోల్చండి. ఒకదాంట్లో బాగా తక్కువ వస్తే ఆ ఇంజెక్టర్‌నీ పక్కదాన్నీ లైన్ల మీద మార్చి మళ్లీ చూడండి. ఆ లోటు ఇంజెక్టర్ వెంట వెళ్తే అది ఇంజెక్టర్ తప్పు. అదే లైను దగ్గర ఉండిపోతే డిస్ట్రిబ్యూటర్ తప్పు. డిస్ట్రిబ్యూటర్‌ని అనుమానించే హక్కు మీకు వచ్చేది ఈ పరీక్ష తర్వాతే.

కొత్త కార్ల ఇంజెక్టర్లు శుభ్రం చేసే మెషిన్లు వీటికి పనికిరావు, అవి కరెంటు పల్సులతో తెరిచేవి. వీటిని ప్రెజర్‌తోనే తెరవాలి. డీజిల్ పంపు, నాజిల్ పని చేసే షాపులో చేతి పంపు టెస్టర్ ఉంటుంది, సూత్రం అదే. కానీ దాని గేజ్ వందల బార్ చూపించేది. తక్కువ ప్రెజర్ గేజ్ పెట్టించి, లోపల డీజిల్ లేకుండా శుభ్రమైన టెస్ట్ ద్రవంతో చేయించాలి. తెరుచుకునే ప్రెజర్ కన్నా అర బార్ తక్కువలో పట్టి ఉంచితే 15 సెకన్లలో చుక్క రాలకూడదు. రాలితే కొత్తది కొనండి. వీటిని విప్పి బాగుచేసే వీలు లేదు.

8. డిస్ట్రిబ్యూటర్, ప్లంజర్

చాలాకాలం ఆగిన బండిలో పాత పెట్రోల్ ఆవిరై మిగిలిన జిగురుకి ప్లంజర్ అంటుకుపోతుంది. పంపుని కొన్ని సెకన్లు నడిపి ఆపి, బూట్ తీసి, ప్లేటు నడుమ బోల్టుని అయస్కాంతంతో పైకి లాగండి (ప్లేటు కిందికి కదిలే మోడల్ అయితే వేలితో కిందికి నొక్కండి). పైదాకా ఒకే రకం బరువు తెలియాలి. మధ్యలో ఎక్కడా పట్టేయకూడదు. వేగంగా వదిలితే ప్లేటు అడ్డం లేకుండా పడాలి. ఎత్తేటప్పుడు పట్టేసి దించేటప్పుడు బాగుంటే ప్లంజర్. రెండు దిక్కులా రాసుకుంటుంటే ప్లేటు గరాటు నడుమ లేకుండా పక్కకి జరిగింది, దాన్ని సెంటర్ చేస్తే చాలు.

ప్లంజర్ కోసం డిస్ట్రిబ్యూటర్ ఎత్తాల్సి వస్తే చేయి కింద పెట్టి నిటారుగా ఎత్తండి. ప్లంజర్ దానంతటదే జారి పడుతుంది, నేల మీద పడి గీత పడితే అది చెత్తబుట్టకే. శుభ్రమైన పెట్రోల్‌తో, దారాలు ఊడని గుడ్డతో తుడవండి. ఎమెరీ పేపర్, మెటల్ పాలిష్ దాని దరిదాపుల్లోకి రానివ్వకండి. డిస్ట్రిబ్యూటర్ రెండు భాగాల్ని విప్పి లోపలి డయాఫ్రమ్ మార్చడం ఇంట్లో చేసే పని కాదు. ఒక్కో దారిలో ఎంత పెట్రోల్ పోతోందో కొలిచే ఫ్లో బెంచ్ ఉన్న వాళ్లకి పంపండి.

9. ఇప్పుడు స్క్రూ

పైవన్నీ సరిగ్గా ఉండి, ప్లగ్గులు, టైమింగ్ సరిచూసి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఎలక్ట్రిక్ ఫ్యాన్ లేదా ఏసీ నడవని సమయంలో, ఎగ్జాస్ట్‌లో గ్యాస్ అనలైజర్ పెట్టి చేసే పని ఇది. అనలైజర్ ఎక్కడ అంటారా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే సెంటర్‌లో ఉన్నది అదే యంత్రం. రద్దీ లేని వేళ వెళ్లి, మెషిన్ వాడుకోవడానికి అతనితో ఒక మాట మాట్లాడుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని ఈ బండ్లకి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ సాధారణంగా 1 నుంచి 2 శాతం మధ్య ఉండేలా పెడతారు. మీ మోడల్ అంకె ఇంజన్ బే స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో ఉంటుంది.

3 మిల్లీమీటర్ల పొడుగాటి ఎలన్ కీ కావాలి. కుడివైపు తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది, ఎడమవైపు తిప్పితే తగ్గుతుంది. ఒక్కసారికి గడియారంలో రెండు నిమిషాల గీతలంత కదలిక చాలు. కీ బయటికి తీసి, కొద్దిగా రేస్ చేసి వదిలి, అంకె నిలబడేదాకా ఆగి చూడండి. కీ లోపల ఉండగా రేస్ చేయొద్దు, ప్లేటు లేచి లివర్ కీకి తగులుతుంది. సగం తిప్పు తిప్పినా అంకె దారికి రాకపోతే స్క్రూ వదిలేసి గాలి లీకుల దగ్గరికి వెనక్కి వెళ్లండి.

ఈ20 సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి అదే గాలికి పెట్రోల్ 7, 8 శాతం ఎక్కువ కావాలి. 1980లో సెట్ చేసిన బండి ఈ20 మీద పెట్రోల్ చాలక వెళ్తుంది: చల్లని ఇంజన్ తడబడుతుంది, క్రూజింగ్‌లో చిన్న కుదుపులు వస్తాయి. మీరు రోజూ పోయించే పెట్రోల్ టాంకులో ఉండగానే అనలైజర్ దగ్గరికి వెళ్లండి.

నిలబెట్టే బండికి

నెలకోసారైనా ఇంజన్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి, ఇంటి ముందు ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం కాదు. ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే తేమ చేరే ఖాళీ లేకుండా టాంకు నింపి ఉంచండి. ఆరు నెలలు దాటితే ఆ పాత పెట్రోల్ తీసేసి, కొత్తది పోసి, ఫిల్టర్ మార్చాకే సెల్ఫ్ కొట్టండి.

డిక్కీలో ఉంచుకోవాల్సినవి: సోల్డర్ సరిచేసిన ఒక రిలే, ఫ్యూజులు, మీటరు పొడవు ఇంజెక్షన్ గొట్టం, నాలుగు క్లిప్పులు, గుప్పెడు రాగి వాషర్లు. దూర ప్రయాణానికైతే ఒక ఫిల్టర్ కూడా. అక్యుమ్యులేటర్, ఇంజెక్టర్లు, సీళ్లు కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి. బాష్ నుంచీ, స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాక్‌లోని మెర్సిడెస్ క్లాసిక్ సెంటర్ నుంచీ తెప్పించుకోవచ్చు. జర్మనీలోనో అమెరికాలోనో మన వాళ్లెవరైనా ఉంటే వచ్చేటప్పుడు ఇంజెక్టర్ సీళ్లు, ఓ-రింగులు తెమ్మనండి. బరువు ఉండదు, సూట్‌కేసులో మూల పడి ఉంటాయి. అక్యుమ్యులేటర్, పంపు మాత్రం పార్సిల్‌లోనే రావాలి, అదీ వాడనివి. పెట్రోల్ వాసన తగిలిన సామాను విమానంలో ఎక్కనివ్వరు. ఆర్డర్ చేసేముందు పాత భాగం మీద చెక్కిన బాష్ నంబరు ఫోటో తీసుకోండి. వార్మ్-అప్ రెగ్యులేటర్లు బయటికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఆఖరి మూడు అంకెలు తేడా వస్తే లోపలి ప్రెజర్ వేరే.